పడవ మీది కడ్డీ

(కోసిగి ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగ విషయము వినగానే మీలో కొందరు నవ్వుకొని యుందురు. వానకు మొగము వాచిన కోసిగి సీమలో పడవ మాట యేల, ఆ పడవ మీది కడ్డీ మాట యేల అని ప్రక్కవారితో అనినవారును ఉందురు. అట్లనుటలో తప్పు లేదు. కొర్రకును జొన్నకును పదును చాలని నేలలో, బిందెడు నీటికై దూరము నడచిన ఆడపడుచులున్న ఊళ్ళలో, పడవల సంగతి వింతగానే తోచును. ఐనను తుంగభద్ర మనకు దూరమున లేదు. మంత్రాలయము రోడ్డు స్టేషను విడిచి రాయచూరు పోవు రైలు ఆ నదిని దాటియే పోవలెను. ఏటి యొడ్డు గ్రామముల వారు పుట్టి యెక్కి ఆవలి కన్నడ సీమకు పోయి వచ్చుట మీ కందరకును తెలిసినదే. 2009 అక్టోబరు మొదటి దినములలో ఆ నది ఏమి చేసినదో మరచినవా రుండరు. మంత్రాలయములో మఠమును నీరు చుట్టుముట్టెను. కర్నూలు నగరము మునిగెను. ఆనాడు ఎండిన సీమకు పడవలు వచ్చినవి. దీపములు ఆరిన ఊళ్ళలో, ఫోను పలుకని చోట, ఆ పడవ ఎవరితో మాటాడగలదు, ఎంత దూరము మాటాడగలదు అను ప్రశ్న పండితుల ప్రశ్న కాదు. మిద్దె మీద పిల్లలతో నిలిచినవాని ప్రశ్న.

ఇంకొక కారణమును గలదు. తెలియని మనిషియు తెలియని పరికరమును ఒక్కచోట కనబడినచో ఊరిలో మొదట పుట్టునది భయము. 2018 మే నెలలో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను పుకారు ఫోనుల వెంట తెలుగు జిల్లాలలో ప్రాకెను. దానిని నమ్మిన జనులు దారిని పోవు అమాయకులను కొట్టిరి. ఆ దెబ్బలకు ప్రాణములు పోయినవి. అట్టి వేళ జనులు చూచునది సర్పంచి మొగమును, వార్డు సభ్యుని మొగమును. "అదేమో నాకును తెలియదు, కొట్టుడు" అనువాడు సభ్యుడు కాడు. "ఆగుడు, చూతము" అనవలెను. ఎట్లు చూడవలెనో చెప్పుటయే నేటి నా పని.

యాంటెన్నా క్రొత్త వస్తువు కాదు. పంచాయతీ రేడియో నాటి సంగతులు పెద్దలు చెప్పగా వినియుందురు. చావడి ముందు రెండు గడలు నాటి, వాని నడుమ రాగి తీగ కట్టి, తీగ కొసను రేడియో పెట్టెకు తగిలించెడివారు. దానిని ఏరియల్ అనెడివారు. పడవ మీది కడ్డీయు ఆ తీగ వంశములోనిదే. గాలిలో పోవు రేడియో తరంగమును పట్టి పెట్టెకు అందించుట దాని మొదటి పని. పెట్టె యిచ్చిన తరంగమును గాలిలోనికి విసరుట రెండవ పని. కొన్ని యాంటెన్నాలు పట్టుట మాత్రమే చేయును. కొన్ని రెండును చేయును. తక్కినదంతయు మరచినను ఈ భేదమును మరువవలదు. వినుట వేరు, పలుకుట వేరు. దీని మీద ప్రాణములు ఆధారపడు సంగతి కొంత తడవు పిమ్మట చెప్పెదను.

ఇక పరిమాణము. గుడిలోని పెద్ద గంటకును, మేక మెడలోని చిరుగంటకును స్వరము వేరు. పెద్దది మంద్రముగా పలుకును, చిన్నది కీచుగా పలుకును. గంట కనబడకున్నను వినుటతోనే దాని పరిమాణమును చెప్పగలము. యాంటెన్నా విషయములో పని తలక్రిందులు: పరిమాణము కనబడును, దానిని బట్టి స్వరమును ఊహించవలెను. దీనికొక చిన్న లెక్క కలదు. రేడియో స్వరమును మెగాహెర్ట్జులలో చెప్పుదురు. 300ను ఆ సంఖ్యచే భాగించినచో తరంగము పొడవు మీటరులలో వచ్చును. కడ్డీ సాధారణముగా అందులో సగమో, పావో ఉండును.

మనకు తెలిసినవానితో సరిచూతము. కడప ఆకాశవాణి మధ్యతరంగ ప్రసారము 900 కిలోహెర్ట్జులది, అనగా 0.9 మెగాహెర్ట్జు. 300ను 0.9 చే భాగించగా 333 మీటరులు వచ్చును. అందులో పావు 83 మీటరులు. మధ్యతరంగ కేంద్రమునకు ఆకాశమంటు స్తంభమును ఎందులకు నిలుపుదురో ఇప్పుడు తెలిసినది కదా. రైల్వే స్టేషనులో సిబ్బంది చేతిలోని వైర్‌లెస్ సెట్టు 150 మెగాహెర్ట్జుల ప్రాంతమున పలుకును. తరంగము 2 మీటరులు, పావు అరమీటరు. చేత పట్టుకొనుటకు అదియు పొడవే గనుక తీగను చుట్టలు చుట్టి రబ్బరు తొడుగులో జానెడు చేసి పెట్టిరి. మీ జేబులోని ఫోను 900 మెగాహెర్ట్జులలో పలుకునపుడు పావు తరంగము 8 సెంటీమీటరులే. అందుచేత దాని కడ్డీ పైకి కనబడక పెట్టెలోనే దాగినది.

లెక్క యింతే. ఇక పడవ నెక్కుదము. పడవల మీది యాంటెన్నాలను బాగుగా చూడవలెనన్న మన సీమ చాలదు; విశాఖపట్నము చేపల రేవునకు పోవలెను. అచ్చట నిలిచిన ఒక మర పడవను మనసులో నుంచుకొనుడు. చుక్కాని గది మీద ఒక స్తంభము, ఆ స్తంభమునకు నాలుగైదు వస్తువులు తగిలించబడి యుండును. ఒక్కొక్కదానిని రెండు ప్రశ్న లడుగవలెను. నీ పొడవెంత? నీవు చూచునది ఆకాశమునా, ఎదుటి దిక్కునా?

మీటరు పొడవు తెల్లని కడ్డీ నిటారుగా నున్నదనుకొందము. నిటారు కడ్డీ తరంగమును చుట్టు నలుదిక్కులకును విసరును; నెత్తి మీదికి విసరదు. కావున అది ఎదుటివారితో, అనగా తక్కిన పడవలతోను ఒడ్డుతోను మాటాడునది. సముద్రముపై ఆపదలో పిలుచుటకు ప్రపంచమంతయు ఒప్పుకొన్న 16వ చానెలు స్వరము 156.8 మెగాహెర్ట్జులు. 300ను దానిచే భాగింపుడు: 1.91 మీటరులు. సగము 96 సెంటీమీటరులు. కడ్డీ పొడవు దీనికి సరిపోయినది. కనుక అది పడవవారు మాటాడుకొను వి.హెచ్.ఎఫ్. కడ్డీ యని చెప్పవచ్చును.

కాని తొందరపడవలదు. దాని ప్రక్కనే అదే పొడవు కడ్డీ మరొకటి యున్నది. ఇదియు మాటకేనా? ఒక పడవకు రెండు నోళ్ళెందులకు? ఇచ్చట పొడవు మనకు సాయపడదు. తీగ వెంట పోవలెను. మొదటి కడ్డీ తీగ చుక్కాని గదిలో చేతిమైకు గల పెట్టెకు చేరును. రెండవదాని తీగ మైకు లేని పెట్టెకు చేరును. ఆ పెట్టె పడవ పేరును, ఉన్న చోటును, పోవు వేగమును మనిషి ప్రమేయము లేకయే 162 మెగాహెర్ట్జుల చెంత చాటుచుండును. దీనిని ఏ.ఐ.ఎస్. అందురు. చీకటిలో ఓడలు ఒకదానినొకటి ఢీకొనకుండుటకు పుట్టిన ఏర్పాటిది. 2008 నవంబరు 26న ముంబయిపై దాడి చేసినవారు 'కుబేర్' అను గుజరాతు చేపల పడవను పట్టుకొని దానిలో వచ్చిరి. పిమ్మట తీరరక్షణ కట్టుదిట్టమై, 20 మీటరులకు మించిన పడవలపై ఈ పెట్టె తప్పనిసరి యైనది. రెండు కడ్డీలు ఒక్క పొడవున ఉన్నవి. ఒకటి మనిషి గొంతు, రెండవది పడవ తనంత తాను పలుకు గొంతు. కంటితో చూచి తేల్చగలిగినంత తేల్చి, తక్కినది తీగ నడుగవలెనని చెప్పుటకే ఈ ఉదాహరణము.

పుట్టగొడుగు వంటి తెల్లని గుండు తరువాతిది. అరచేతిలో ఇమిడిపోవును. దిక్కులను చూడదు, బోర్లించిన గిన్నెవలె నుండి ఆకాశమునంతటిని చూచును. జి.పి.ఎస్. ఉపగ్రహముల స్వరము 1575 మెగాహెర్ట్జుల పైచిలుకు. తరంగము 19 సెంటీమీటరులు. కావున చిన్న బిళ్ళ చాలును. సుమారు 20,200 కిలోమీటరుల ఎత్తున తిరుగు ఉపగ్రహముల మాట విని, "నీవిప్పు డిచ్చట నున్నావు" అని ఇది పడవవానికి చెప్పును. ఒక్క పడవవానికే చెప్పును. ఒడ్డునకు చెప్పదు.

గిరగిర తిరుగు అడ్డపట్టె కనబడినచో అది రాడారు. దాని తరంగము 3 సెంటీమీటరులే. పట్టె మీటరు దాటి యుండుట తరంగమును సన్నని వెలుగు వలె కూర్చి ఒక దిక్కునకే పంపుటకు. చిన్న పడవలలో ఈ పట్టెను గుండ్రని డొప్పలో దాచుదురు. పెద్ద ఓడలపై గుమ్మడికాయ వంటి తెల్లని గోళ ముండును. దాని లోపల నున్నది మన మిద్దెల మీది టీవీ పళ్ళెము వంటిదే. కోసిగిలో ఏ మిద్దె మీద చూచినను పళ్ళెము ఆగ్నేయము వైపే మొగము పెట్టి యుండును. ఉపగ్రహము భూమధ్యరేఖ మీద, మనకు తూర్పుగా నిలిచి యుండుటయే కారణము. మిద్దె కదలదు గనుక ఒకసారి బిగించిన చాలును. అలలపై ఊగు ఓడకు అట్లు కుదరదు. గోళము లోపల యంత్రములు పళ్ళెమును క్షణక్షణము త్రిప్పి ఉపగ్రహము వైపు నిలుపును. గోళము ఉప్పుగాలికి తొడుగు మాత్రమే.

ఆరేడు మీటరుల పొడవు కడ్డీ ఊగుచు కనబడినచో, అది వందల వేల కిలోమీటరులు పోవు పొడుగు తరంగములకు. ఇంకను పూర్వము ఓడల రెండు స్తంభముల నడుమ తీగలే కట్టెడివారు. 1912 ఏప్రిలులో మునిగిన టైటానిక్ ఓడ 600 మీటరుల తరంగమున పిలిచినది. అంత తరంగమునకు కడ్డీ యేమి చాలును? ఆ పిలుపు విని కార్పేథియా అను ఓడ పరుగున వచ్చి 700 మందికి పైగా కాపాడినది. అంతకంటె దగ్గరగా నున్న కాలిఫోర్నియన్ అను ఓడకును యాంటెన్నా కలదు. దాని వైర్‌లెస్ ఉద్యోగి పని ముగించి నిద్రించెను. యాంటెన్నా యుండుట ఒకటి, వినువా డుండుట మరొకటి.

ఎత్తు సంగతి కూడ చెప్పవలెను, ఏలయన వరదలో మీకు నిజముగా పనికివచ్చునది ఇదియే. వి.హెచ్.ఎఫ్. తరంగము ఇంచుమించు కంటిచూపు వలె తిన్నగా పోవును. భూమి వంపు దానికి అడ్డు. రెండు కడ్డీల ఎత్తులను మీటరులలో తీసి, ఒక్కొక్కదాని వర్గమూలమును కట్టి, రెంటిని కూడి, 4తో హెచ్చించిన కిలోమీటరులలో దూరము దాదాపుగా వచ్చును. 4 మీటరుల ఎత్తున కడ్డీ గల రెండు పడవలు: వర్గమూలములు 2, 2, కూడగా 4, దూరము 16 కిలోమీటరులు. అదే పడవ ఒడ్డున నూరు మీటరుల స్తంభముతో మాటాడినచో 2ను 10ని కూడి 12. దూరము 48 కిలోమీటరులు. పడవవాడు అరచుట పెరుగలేదు, వినువాడు ఎత్తెక్కినాడు. ఇక పుట్టిలో కూర్చున్నవాని చేతిసెట్టు నీటికి ఒక మీటరు ఎత్తున నుండును. అట్టివే రెండైన చూపు 8 కిలోమీటరులు. బలము తక్కువ గనుక, నడుమ చెట్లు గుట్టలు ఉన్నచో అంతయు పోదు. ఒడ్డున వినువాడు మిట్ట మీదనో, నీళ్ళ ట్యాంకు మీదనో నిలిచినచో అదే సెట్టు ఎంతో మేలుగా పనిచేయును. ఎత్తు నాలుగింతలైన దాని వంతు దూరము రెండింతలగునని జ్ఞాపకముంచుకొనుడు. ఖర్చు లేని పని యిది.

వినుట వేరు, పలుకుట వేరు అంటిని. మన కోసిగి వారు మిరప కోతలకు గుంటూరు వైపు మూటముల్లె కట్టుకొని పోవునట్లే, శ్రీకాకుళము జిల్లా మత్స్యకారులు గుజరాతులోని వెరావల్ రేవునకు వలసపోయి అచ్చటి పడవలపై కూలికి వేట చేయుదురు. 2018 నవంబరులో అట్లు పోయినవారు అరేబియా సముద్రమున పాకిస్తాను అధికారులకు చిక్కిరి. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి మరలి వచ్చిరి. నడుమ గడచినది ఏడాదికి మించిన చెర. మన పొలమునకు గట్టు రాయి యుండును. సముద్రమునకు గట్టు లేదు, రాయి లేదు. పడవ ఎచ్చట నున్నదో పడవలోనివానికి తెలియుట కొంత మేలు. ఒడ్డున నున్నవానికిని తెలిసినచో, గీత దాటకమునుపే కేక వేయవచ్చును. పుట్టగొడుగు గుండు మొదటిది చేయును, రెండవది చేయదు. ఒక్క గుండును చూచి "మా పడవకు ఉపగ్రహ మున్నది, భయము లేదు" అనుకొనుట ఎంత ప్రమాదమో తెలిసినది కదా.

పడవలకు ఇచ్చు పరికరములను ఈ కొలబద్దతోనే చూడవలెను. 2019 అక్టోబరులో జెమిని అను పరికరము వచ్చినది. సముద్రము కానరాని హైదరాబాదులో నున్న ఇన్‌కాయిస్ అను సముద్ర సమాచార సంస్థ దీని వెనుక నున్నది. తుపాను హెచ్చరికలను, చేపలు దొరకు తావులను ఉపగ్రహము నుండి పట్టి ఇది మత్స్యకారుని ఫోనునకు అందించును. ఇది చెవి మాత్రమే, నోరు లేదు. 2010 నుండి ఇస్రో వారి ఆపద హెచ్చరిక యంత్రము వాడుకలో నున్నది. పడవ మునుగుచున్నను, నిప్పంటుకొన్నను మీట నొక్కిన ఉపగ్రహము ద్వారా చెన్నైలోని తీరరక్షక దళ కేంద్రమునకు వార్త చేరును. ఇది నోరు. కాని నొక్కినవానికి తన పిలుపు అందినదో లేదో తెలియకుండెను. నీట మునుగువానికి ఆ తెలియకపోవుట ఎట్టిదో ఊహింపుడు. 2024 జనవరిలో వాడుకకు వచ్చిన రెండవ తరము యంత్రము "అందినది" అని బదులు చెప్పును. అదే సంవత్సరము ఆగస్టు 30న మహారాష్ట్రములోని పాల్ఘర్‌లో ప్రధానమంత్రి ప్రారంభించిన పథకము క్రింద తీర రాష్ట్రములలో లక్ష పడవలకు రెండు వైపుల మాట నడుపు ట్రాన్స్‌పాండరులను ఉచితముగా ఇచ్చుటకు పూనుకొనిరి. వ్యయము సుమారు 364 కోట్ల రూపాయలు. ఇవన్నియు ఆకాశమును చూచు పొట్టి యాంటెన్నాలే. పైనుండి చూచిన ఒక్కటిగనే యుండును. చెవియా, నోరా, రెండునా అని అడిగినపుడే తేడా తెలియును.

ఇప్పుడు తుంగభద్రకు వత్తము. మీ రేవులో ఒక ఉదయము చిన్న రబ్బరు పడవ కనబడినదనుకొందము. ఇద్దరు ముగ్గురు పరాయి మనుషులు. పడవ ప్రక్కకు ఒక ఇనుప గొట్టము నిటారుగా బిగించిరి. గొట్టము పై కొనన తెల్లని పుట్టగొడుగు గుండు. దాని చెంత జానెడు నల్లని కడ్డీ. ఊరిలో ఒకడు ఇసుక దొంగలనును, ఒకడు గూఢచారులనును, మరొకడు నిధి వెదకువారనును. సభ్యులు గట్టున నిలిచి చూడవలెను.

గుండు ఆకాశమును చూచుచున్నది గనుక అది తావును తెలుసుకొనునది. దానిని పడవ నడుమ నుంచక ప్రక్క గొట్టము కొననే ఎందుల కుంచిరి? గొట్టము క్రింది కొనను చూడుడు. అది నీటిలో మునిగి యున్నది. క్రింద నేదో పనిచేయుచున్నది. అది పనిచేయు తావునే పైగుండు గుర్తించవలెను. కావున రెండును ఒకే గొట్టమునకు నిలువునా బిగించిరి. నీటి అడుగున చేయు పని యేమి? లోతు కొలుచుట. గొట్టము క్రింది పరికరము ధ్వనిని అడుగునకు పంపును. అది తగిలి మరలి వచ్చును. ధ్వని నీటిలో సెకనునకు సుమారు 1,500 మీటరులు పోవును. పోయి వచ్చుటకు సెకనులో నూరవ వంతు పట్టినచో లోతు ఏడున్నర మీటరులు.

మరి జానెడు కడ్డీ? గట్టు వైపు తిరిగి వెదకుడు. ఎచ్చటనో ముక్కాలి మీద మరొక పుట్టగొడుగు నిలిపి యుండును. అది కదలని గుండు. తన చోటు దానికి ముందే తెలియును. ఉపగ్రహపు లెక్కలో వచ్చు తప్పును అది పట్టి, చిన్న కడ్డీ ద్వారా పడవకు చెప్పుచుండును. దానితో మీటరులలో నుండు తప్పు సెంటీమీటరులకు దిగును. పడవ మీది గుండు, కడ్డీ, గట్టు మీది రెండవ గుండు, ఈ మూడును కలిసి కనబడినచో అనుమానము చాల వరకు తీరినది.

ఇంకను తీరనిచో పడవ నడకను చూడుడు. కొలుచు పడవ మడక సాలు వలె పోవును. ఈ గట్టు నుండి ఆ గట్టునకు, కొంచెము జరిగి మరల ఆ గట్టు నుండి ఈ గట్టునకు, సాలు ప్రక్క సాలు. వేటకు వచ్చినవాడు చేప వెంట పోవును. దొంగ చీకటి వెంట పోవును. పట్టపగలు సాలు తీర్చి దున్నువాడు కొలతగాడు.

ఈ కొలత మీకు పట్టని సంగతి కాదు. తుంగభద్ర జలాశయము కట్టినపుడు దాదాపు 133 టి.ఎం.సి.లు పట్టెడిది. పూడిక చేరి 2016 నాటి సర్వేలో 105.788 టి.ఎం.సి.లుగా తేలినది. ఇట్టి పడవలు సాళ్ళు దున్ని తేల్చిన లెక్క యది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములకు నీరిచ్చు దిగువ కాలువకు మన రాష్ట్రము వంతు 24 టి.ఎం.సి.లు. జలాశయము పట్టునది తగ్గినకొలది ఆ వంతును తగ్గుచు వచ్చినది. మీ చేనికి తడి అందునో అందదో నిర్ణయించు లెక్కలో ఆ పుట్టగొడుగు గుండు సాక్షి. దానిని రాతితో కొట్టినవాడు తన సాక్షినే కొట్టినవాడగును. మంత్రాలయము వద్ద కేంద్ర జల సంఘము వారు నది మట్టమును, పారుదలను కొలుచు కేంద్రమును నడుపుచున్నారు. వరదకు ముందు హెచ్చరిక అట్టి కేంద్రముల కొలతల నుండియే పుట్టును.

అట్లని ప్రతి గుండును నమ్ముడని నేను చెప్పుట లేదు. పైతొడుగు మోసము చేయగలదు. రెండున్నర మీటరుల తెల్లని గొట్టములో రెండు మూడు పొట్టి కడ్డీలు ఒకదానిపై నొకటి దాగి యుండవచ్చును. అప్పుడు మన లెక్క తప్పును. కొలతగాని వేషములో ఇసుక వ్యాపారియు రావచ్చును. వ్రేలి లావున జానెడు కడ్డీ గల బరువైన ఫోను, ఆరుబయట ఆకాశము కనబడు చోటనే వాడబడునది, ఉపగ్రహ ఫోను కావచ్చును. తురయా, ఇరిడియం వంటి ఉపగ్రహ ఫోనులను మన దేశమున అనుమతి లేక వాడరాదు. ఎరుగక తెచ్చిన విదేశీయులును విమానాశ్రయములలో పట్టుబడిరి. ముంబయి దాడి నాటి కుబేర్ పడవలో దొరకినదియు ఉపగ్రహ ఫోనే. కనుక మర్యాదగా అడుగుడు: అయ్యా, ఏ శాఖ వారు? ఉత్తరువు చూపగలరా? తహసీల్దారు గారికి తెలుపితిరా? నిజమైన ఉద్యోగి దీనికి కోపగింపడు. కోపగించినను ఉత్తరువు చూపక తప్పదు. అతడు చూపనిచో తహసీల్దారునకో, పోలీసు స్టేషనునకో, 112 నంబరునకో తెలుపుడు. పరికరమును ముట్టవలదు, తీగ పీకవలదు, మనిషిపై చేయి వేయవలదు. సముద్రతీరమున నున్న మీ బంధువులకు తీరరక్షక దళము నంబరు 1554 అని చెప్పుడు.

పడవ లేని ఊరిలోను ఈ చూపు పనికివచ్చును. మండలములలో కంచె నడుమ ఒక స్తంభము, దానికి సౌర ఫలకము, గాలి గిన్నెలు, ఒక చిన్న కడ్డీ గల స్వయంచాలిత వాతావరణ కేంద్రములు కలవు. ఆ కడ్డీ వాన లెక్కను రాజధానికి పంపును. మండలమును కరవు మండలముగా ప్రకటించుటకును, వాతావరణ బీమాకును ఆ లెక్కలు ఆధారము. పిల్లలు ఆటకై కడ్డీ విరిచినను, ఎవరైన కంచెకు గొడ్డును కట్టినను, ఊరి కరవు కాగితమునకు ఎక్కకపోవచ్చును. పంచాయతీ తరఫున నెలకొకసారి ఎవరైన పోయి చూచి రావలెను.

చివరగా వరద పడవ. వానకాలమునకు ముందు మీ రేవునకు పడవ కేటాయించినపుడు ఇంజను చప్పుడు విని తృప్తిపడి సంతకము చేయకుడు. కడ్డీ యెక్కడ? దాని తీగ ఏ పెట్టెకు పోవును? చెవియా, నోరా? ఇచ్చటి నుండి పిలిచిన ఎవరు విందురు, వారెంత ఎత్తున నుందురు? అని అడిగి, ఒకసారి నీటి మీదికి పోయి నిజముగా పిలిపించుడు. కడ్డీ మొదట తీగ చేరు చోట తడి దిగినచో పైకి అంతయు బాగుగనే యుండి మాట మాత్రము పోదు. ఆ చోట రబ్బరు పట్టీ గట్టిగా చుట్టి యున్నదో లేదో వ్రేలితో నొక్కి చూడుడు. చేతిసెట్టులకు రెండవ బ్యాటరీ యుండవలెను, అదియు నింపి యుండవలెను. ఏటి యొడ్డు గ్రామములో సెట్టు పట్టువాని పేరును, మిట్ట మీద వినువాని పేరును ఇప్పుడే వ్రాసి చావడి గోడకు అంటించుడు. మధ్యాహ్నము తరువాత స్టేషను సిబ్బంది చేతిసెట్టు నొకదానిని చూపుటకు ఒప్పుకొనిరి. పొడవు కొలుచుటకు ఎవరైన టేపు తెచ్చిన మంచిది.